గోడకు ఆనుకొని నిద్రపోయిన మా మేనత్త

మా మేనత్త కన్నుమూశారన్న కబురు ప్రొద్దుటూరులో మందుల దుకాణం ముందు నిలబడి ఉండగా నాకు అందింది. రాబోయే నెలకు ఆమె మింగవలసిన మాత్రలను దుకాణదారు అప్పుడే సంచిలో వేసి నా చేతికిచ్చాడు. ఫోన్ చేసిన పక్కింటావిడ, "పండుకోనే పోయిందబ్బీ, నిద్రలో పోయినట్టే" అని మాత్రం చెప్పింది. జమ్మలమడుగు బస్సెక్కి ఆ సంచిని ఒళ్ళో పెట్టుకున్నాను. ఇల్లు చేరేదాకా దానిని విడవలేదు.

తల్లి లేని నన్ను పెంచినది ఆమే. పగలు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసి, రాత్రిబడిలో చదివి నేను డిగ్రీ పట్టా అందుకున్నాను. నేను బడి నుండి వచ్చేదాకా జొన్నరొట్టె మీద మూత వేసి, పొయ్యి పక్కన మేలుకొని ఉన్నది ఆమే. ఇంట్లో మేమిద్దరమే. ఆమె గుండె బలహీనపడిన తరువాత నెలకొకసారి ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకొనిపోయేవాణ్ణి.

ఆ ప్రయాణానికి ఆమె చర్చికి పోయినట్టే సిద్ధమయ్యేవారు. ముందునాడే తలంటుకునేవారు. ఆదివారం ఆరాధనకు కట్టుకునే తెల్లచీరను మడత చెదరకుండా దిండు కింద పెట్టుకునేవారు. కొబ్బరినూనె రాసి జుట్టు బిగించి ముడివేసుకునేవారు. రొట్టెలు, శెనక్కాయల పొడి ఇద్దరికి కావలసిన దానికన్నా ఎక్కువగానే మూట కట్టేవారు. ఆసుపత్రి బల్ల మీద మన పక్కన ఎవరు ఆకలితో కూర్చుంటారో తెలియదని ఆమె ఉద్దేశం.

చిక్కంతా డాక్టరమ్మ గదిలోనే. "ఎలా ఉన్నారమ్మా?" అని ఆమె అడగడమే ఆలస్యం, మా అత్త నిటారుగా కూర్చుని, "బాగుండా తల్లీ. నువ్వు బాగుండావా? అన్నం తిన్యావా?" అనేవారు. ఆ వెంటనే నన్ను చూపించి, రాత్రిబడిలో చదివి డిగ్రీ తెచ్చుకున్న మేనల్లుడని పరిచయం చేసేవారు. ఆ మాట వినడం నాకు ఇష్టమే. కానీ మాకు దొరికే ఆ కాస్త సమయమూ నా పట్టాకే సరిపోయేది. డాక్టరమ్మ నవ్వి పాత మాత్రలే మళ్ళీ రాసేది.

బాధ ఎందుకు చెప్పుకోలేదని బస్సులో అడిగితే, ఆమె సమాధానం ఇది: "పొద్దన్నుంచి ఆ యమ్మకు అందురూ నొప్పులే చెప్తాండారు. ఒగరన్నా బాగుండామని చెప్పొద్దా?"

రాత్రిబడిలో పరీక్షలకు ముందు మా మాస్టారు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని ప్రశ్నలు వేసేవారు. ఆ పద్ధతినే ఇంట్లో అమలు చేశాను. ఆసుపత్రికి పోవలసిన రోజుకు ముందు సాయంత్రం ఆమె మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, "ఎలా ఉన్నారమ్మా?" అని గంభీరంగా అడిగాను.

"ఏందబ్బీ, గుంటూరోళ్ళ మాదిరి మాట్లాడ్తాండావు" అని ఆమె పగలబడి నవ్వారు. నేను నవ్వకపోయేసరికి కొంగు సర్దుకొని, గొంతు తగ్గించారు. "పండుకుంటే ఊపిరాడదు సార్. గోడకు ఆనుకోని, కుచ్చోనే నిద్రపోతాండా. శానా దినాలాయ."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నీకెందుకు చెప్తా? డాక్టరుకు చెప్తాండా" అన్నారు.

అప్పుడు చూశాను, మంచం పక్కనున్న సున్నపు గోడ మీద, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తున, అరచేతి వెడల్పు నూనె మరక.

మరునాడు డాక్టరమ్మ అడిగినప్పుడు ఆమె మళ్ళీ "బాగుండా తల్లీ" అనే అన్నారు. ఆ నూనె మరక నా కళ్ళలో మెదిలింది. ఉండబట్టలేక ఉన్నదంతా నేనే చెప్పేశాను. డాక్టరమ్మ మందు మార్చింది. తిరుగు ప్రయాణంలో మా అత్త కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. ఊరు దగ్గరపడినాక ఒక్క మాట అన్నారు: "రోగం నాది. చెప్పేదాన్ని నేను గదా."

ఆ మందు కొన్నాళ్ళే పనిచేసి, ఆమె మళ్ళీ గోడకే ఆనుకున్నా, ఆ తరువాత ఆసుపత్రిలో నేను నోరు విప్పలేదు. ముందు సాయంత్రాలు మాత్రం కుర్చీ వేసుకోవడం మానలేదు. ఇంట్లో ఆమె అంతా చెప్పేవారు. అక్కడ బాగున్నానని అనేవారు. ఆ గదిలో ఆమె తనంతట తాను ఎప్పటికైనా చెబుతారా అన్నదే నా దిగులు. చెప్పకపోతే ఆ గోడే ఆమెకు దిక్కు.

కడపటిసారి పోయినప్పుడు చెప్పారు. "పండుకుంటే ఊపిరాడదు తల్లీ" అని, నేర్చిన పాఠం అప్పజెప్పినట్టు, ఒక్క మాట తప్పకుండా. చెప్పి నా వైపు తిరిగి చూశారు. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, లేచి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుంది. కొత్త మాత్రలు పనిచేశాయి. ఆ మిగిలిన కొద్ది రోజులూ మా అత్త దిండు మీద తల పెట్టి నిద్రపోయారు. పోవడం కూడా అలాగే పోయారు. అందుకు డాక్టరమ్మకు కృతజ్ఞుణ్ణి. అంతకన్నా ఎక్కువగా, ఆ ఒక్క మాటకు నోరు తెరిచిన మా అత్తకు కృతజ్ఞుణ్ణి.

క్రిస్మస్ వస్తున్నదని చర్చి వాళ్ళు వచ్చి మా ఇంటికి సున్నం కొట్టిపోయారు. మంచం పక్క గోడను మాత్రం వదిలిపెట్టమన్నాను. వాళ్ళు కారణం అడగలేదు. పోతూ పోతూ ఒకాయన, "ఎట్లుండావన్నా?" అన్నాడు. బాగున్నానని చెప్పి పంపించాను.

సాయంత్రం ఫ్యాక్టరీ నుండి వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంటాను. మూడు గోడలు తెల్లగా మెరుస్తుంటాయి. నాలుగో దాని మీద, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తున, నూనె మరక నాకు ఎదురుగా ఉంటుంది.