బాలనర్సయ్య పంటి సందు

2017. పాలమూరులో నేను పళ్ల దవాఖాన పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. కొత్తకోట దగ్గరి పల్లె నుంచి బాలనర్సయ్య, ఆయన భార్య ఎల్లమ్మ వచ్చారు. ఆయన యక్షగానాల్లో నవ్వించే వేషం కడతాడు. కథ మధ్యలో దూరి, తలాతోకా లేని పద్యాలు అల్లి, జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తాడు. ఎల్లమ్మ పక్కన తాళం వేస్తుంది.

"మొన్న కొత్త జిల్లాలు చేసినప్పుడు మా ఊరు వేరే జిల్లాలకు పోయింది సారూ. నా పండ్లు మాత్రం ఇంక పాలమూరు జిల్లానే" అన్నాడు కుర్చీ ఎక్కుతూనే.

నోట్లో మిగిలినవి పైవరుసలో ముందరి రెండు పళ్లే. మధ్యన జొన్నగింజ పట్టేంత సందు. అవీ ఊగుతున్నాయి, చిగుళ్ల నిండా చీము. రొట్టె నమలలేక మనిషి సగమయ్యాడు. రెండూ తీసేసి కంప్లీట్ డెంచర్, అంటే పూర్తి కట్టుడు పళ్ల సెట్టు పెట్టాలన్నాను. ఒప్పుకున్నాడు.

చిగుళ్లు మానాక ట్రయల్. పళ్లను మైనంలో నిలబెట్టి నోట్లో పెట్టి చూడటమన్నమాట. ఏ పన్నయినా జరపాలంటే అప్పుడే జరపాలి. ముత్యాల్లా పేర్చానని నాకు లోలోపల గర్వం. ఉచ్చారణ చూడటానికి 'స' ఉన్న మాటలు చెప్పించడం మా పద్ధతి. ఆయన తన పద్యమే అందుకున్నాడు:

"సీమకు సెప్పులు కుట్టించిన
సేపకు సద్ది కట్టించిన
సింతసెట్టుకు సీర సుట్టి
సూర్యుని ఇంటికి సాగనంపిన!"

ఒక్క అక్షరం జారలేదు. వార్తలు చదివినట్టుంది. ఎల్లమ్మ ముఖం మాత్రం వాడిపోయింది.

"మంచిగనే ఉన్నయ్ సారూ. గని నవ్వస్తలేదు" అంది.

పాత సందులోంచి ప్రతి 'స'కూ ఈల వచ్చేదట. అర్థంపర్థం లేని ఆ పద్యానికి ఈలే ప్రాణం.

"రొట్టె లేకుంటె నేనొక్కన్నే ఎండుత. నవ్వు లేకుంటె నన్ను పిలిచెటోడు ఎవడు? జాతర ఆట దగ్గరికొచ్చింది" అంటూ బాలనర్సయ్య సెట్టు తీసి నా చేతిలో పెట్టేశాడు.

అంత చక్కటి వరుస వద్దంటాడా అని నాకు చిర్రెత్తింది. ఆ పీక్కుపోయిన బుగ్గలు చూశాక కోపం దిగింది.

మైనం కరిగించే చిన్న కత్తిని వేడిచేసి ముందరి పళ్లు రెండింటినీ ఎడంగా జరిపాను. 'సీమకు' అనగానే గాలి బుస్సుమంది.

"పంక్చరైన సైకిల్ లెక్కున్నది. జర దగ్గరికి జరుపుండ్రి" అంది ఎల్లమ్మ.

జరిపాను. మళ్లీ జరిపాను. చివరికి సన్నగా ఈల లేచింది. ఎల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట బెంచీ మీద దవడ వాచి మూలుగుతున్న ఒకాయన, "నవ్వియ్యకు తాతా, నొస్తున్నది!" అని మొత్తుకున్నాడు.

మైనం తీసి గట్టి సెట్టు తయారుచేసే ల్యాబ్ టెక్నీషియన్ మర్నాడు ఫోన్ చేశాడు.

"సార్, మధ్యల సందొచ్చింది. మూసెయ్యనా?"

"ముట్టుకున్నవో, సూడు!" అన్నాను.

జాతర అయ్యాక ఇద్దరూ వచ్చారు. ఆట ఎట్లయిందని అడిగాను.

"జనం ఇంకోటి, ఇంకోటి అని కథనే నడవనియ్యలే సారూ. రాజు వేషమాయన అలిగి కూసున్నడు" అంది ఎల్లమ్మ. ఆ పూట నాకు కలిగిన సంతోషం ఏ చక్కటి వరుసా ఇవ్వలేదు.

నోట్లో ఏది లోపమో తేల్చేది డాక్టరొక్కడే కాదని అప్పుడు తెలిసింది. అందుకే ఇప్పుడు ట్రయల్ రోజున పేషెంట్‌కు అద్దం ఇచ్చే ముందు ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టి, మాట్లాడించి, వాళ్ల ముఖాలు చూస్తాను.