అత్త కత్తిపడవ

నా చిన్నప్పుడు కాకినాడలో మా మేనత్త చేతిలో పడ్డ కాగితం కాగితంగా మిగిలేది కాదు. పాత క్యాలెండరు దొరికితే చాలు, చిలకలూ చేపలూ అయిపోయేవి. మామూలు కత్తిపడవ మా వీధి పిల్లలందరికీ వచ్చు. అత్త పడవకు మాత్రం రెండు మొనలు, మధ్యలో చిన్న గది ఉండేవి. అది ఆవిడ సొంత కల్పన. అలాంటిది నేను మరెక్కడా చూడలేదు.

ఒక ఏడాది పక్షవాతం వచ్చి అత్తకు కుడి చెయ్యి పడిపోయింది. ఆ వేసవిలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నోటితో చెబుతూ నా చేత ఆ పడవ చేయించింది. కాగితం తిరగెయ్యమంటే నేను బల్ల మీదే గుండ్రంగా తిప్పాను. తిరగెయ్యడం వేరు, తిప్పడం వేరు. ఎంత చెప్పినా అదే తప్పు చేశాను. చివరికి కాగితం నలిపి విసిరేసి ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ ఎడమ చేత్తో నా తల నిమిరింది.

"నీకు రాకపోవడం కాదే అమ్మడూ, నాకు చెప్పడం రాలేదు. ఉండు, ఇంకోలా చెబుతా. పెనం మీద అట్టు తిరగేస్తాం చూడు, అలాగ" అంది. వెంటనే అర్థమైంది. సాయంత్రానికి పడవ తయారైంది.

ఇప్పుడు నేనుండేది జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో, మా అమ్మాయి దగ్గర. ఇక్కడి లైబ్రరీలో శనివారాలు కాగితాలు మడిచేవాళ్లు చేరతారు. జర్మన్ ముక్క రాని నాకు ఈ ఊళ్లో బెరుకు లేకుండా కూర్చోగలిగిన చోటు అదొక్కటే. వాళ్లు నా వేళ్లు చూసేవారు, నేను వాళ్ల వేళ్లు చూసేదాన్ని. పువ్వుల కాగితాలు తెచ్చే ఒక పెద్దావిడ నాకు కప్ప నేర్పింది, నేను ఆవిడకు చిలక నేర్పాను. అత్త పడవను తీరిగ్గా నేర్పుదామని అట్టేపెట్టుకున్నాను. ఈ చలికాలం కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయాయి. ఇక మునుపటిలా వంగవని డాక్టరు చెప్పేశాడు. అత్త ఏనాడో పోయింది. ఆ పడవ తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే. నాతో పాటు అదీ పోతుందని భయం పట్టుకుంది.

అత్తలాగే నోటితో చేయిద్దామని మనవరాల్ని వెంటబెట్టుకు వెళ్లాను. అందరూ చుట్టూ మూగారు. తిరగెయ్యమంటే పిల్ల తిప్పింది.

"అమ్మమ్మా, రెండూ ఉమ్‌డ్రేయెనే కదా!" అంది. జర్మన్‌లో రెండింటికీ ఒకటే మాటట. దోసె తిరగేసినట్టు అన్నాక తిరగేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత పిల్లకు తెలియని మాటలు కొస, మొన, పొర వచ్చాయి. వాటిలో దేనికీ నా దగ్గర దోసె లేదు. నా మొద్దు వేళ్లతో చూపించబోతే కాగితం చిరిగింది. మా అమ్మాయికి ఫోన్ చేస్తే, "నాకొచ్చింది ఆఫీసు జర్మనే అమ్మా, మొనని ఏమంటారో నాకేం తెలుసు?" అంది. పిల్ల కాగితం తోసేసి, "ఇష్ కన్ దస్ నిష్ట్" అని ఏడ్చింది. నాకు రావట్లేదు అని. పెద్దావిడ నా భుజం తట్టి, నెమ్మదిగా తన కాగితాలు సర్దుకుంది. నేను మళ్లీ అక్కడికి వెళ్లలేదు. వెళ్లి ఏం చెయ్యను?

చిన్నప్పటి నుంచీ అత్త మాట నన్ను వదలలేదు. నా పిల్లలకు లెక్కలు చెప్పినా, వంట నేర్పినా, వాళ్లకు అర్థం కాకపోతే లోపం నా చెప్పడంలోనే వెతుక్కునేదాన్ని. ఏదో ఒక దారి దొరికేది. ఆ శనివారం బస్సులో మనవరాలి కళ్లు తుడుస్తూ కూడా అదే మాట అన్నాను, నీకు రాకపోవడం కాదమ్మా, నాకు చెప్పడం రాలేదు అని. పిల్ల తేలికపడి నా ఒళ్లో తల పెట్టుకుంది. ఉండు, ఇంకోలా చెబుతా అని మాత్రం అనలేకపోయాను.