కిటికీకి అడ్డంగా మూడువేల సీడీలు

బిట్రగుంట స్టేషన్‌కు పోయే దారిలో పెంచలకృష్ణ పాటల దుకాణం పదమూడేళ్ళు నడిచింది. రైల్వే కాలనీ వాళ్ళు, కావలి కాలేజీకి పోయే పిల్లలు, జువ్వలదిన్నె నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళు అందరూ అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. పాట పేరు తెలియక్కర్లేదు. రెండు ముక్కలు కూనిరాగం తీస్తే చాలు, వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి చాచి సరైన సీడీ తీసిచ్చేవాడు. ఎవరైనా పెళ్ళికి పాటలు కావాలంటే తనే ఏరి కూర్చి, సీడీ బిళ్ళ మీద పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురి పేరూ గుండ్రటి అక్షరాలతో రాసేవాడు; అలాంటిదే ఇంకొకటి తన దగ్గరా ఉంచుకునేవాడు.

పాటలు ఫోన్లలోకి వచ్చేశాక దుకాణం మూతపడింది. మూడువేల పైచిలుకు సీడీలను అట్టపెట్టెల్లో సర్ది, ఆటోలో మూడుసార్లు తిరిగి ఇంటికి చేర్చాడు.

"నెలరోజులేమే. ఎవరో ఒకరికి ఇచ్చేస్తా" అన్నాడు భార్య రాఘవమ్మతో.

పదేళ్ళయింది. వాళ్ళు అద్దెకుండే ఇంట్లో ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. పెట్టెలు మొదట గోడవారనే ఉండేవి. తర్వాత తూర్పువైపు కిటికీకి అడ్డంగా లేచాయి. ఆ తర్వాత మంచం చుట్టూ, తలుపు దాకా. చివరికి మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు మిగిలింది. రాఘవమ్మ కుట్టుమిషను వరండాలోకి పోయింది. ఆమెకు ముందునుంచీ ఉబ్బసం ఉంది. సముద్రం వైపు నుంచి గాలి వచ్చేది ఆ ఒక్క కిటికీలోంచే. అది తెరిచి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

కూతురు వినీల కావలిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఈ చిక్కు విప్పాలని ఆమే పూనుకుంది. పాత ల్యాప్‌టాప్ ఒకటి, అరచేతిలో పట్టే హార్డ్ డిస్క్ ఒకటి తెచ్చి, సీడీల్లో పాటలన్నీ దాంట్లోకి ఎక్కించడం తండ్రికి నేర్పింది. ఆదివారాలు తనూ వచ్చి కూర్చునేది. ఎనిమిది నెలలు పట్టింది. ఆఖరి సీడీ ఎక్కిన రోజు వినీల కారం దోసెలు కట్టించుకొని వచ్చింది.

"అయిపోయింది గదా నాయనా! ఇంక పెట్టెల్ని పంపించేద్దాం."

"పంపిద్దాం. ఒకసారి సరిచూసుకోనీ."

"ఏం సరిచూస్తావు?"

"ఏ పాటన్నా మధ్యలో తెగిపోయుంటే? బిళ్ళ పోయినాక ఏం చేస్తాం పాపా?"

సరేలెమ్మంది వినీల. అక్కడ మొదలైంది. పెంచలకృష్ణ పాత ప్లేయర్లో సీడీ ఒకసారి, ల్యాప్‌టాప్‌లో అదే పాట ఒకసారి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని పక్కపక్కన వినేవాడు. పదకొండో సీడీ పాటలు ల్యాప్‌టాప్‌లో వింటుంటే ఒకదాని మధ్యలో టిక్కుమని చప్పుడొచ్చింది. అంతే, ఇక దేన్నీ నమ్మలేకపోయాడు. దుకాణం మూతపడ్డాక చేరిన ఎరువుల కొట్లో పని మానుకున్నాడు. తెల్లారి కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. రోజుకు నాలుగు సీడీలు. ఈ లెక్కన రెండేళ్ళు పడుతుందని వినీల చెప్పినా తల ఊపి మళ్ళీ హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

ఇష్టంగా చేస్తున్నాడా అంటే అదీ లేదు. ఒకప్పుడు ప్రాణంగా విన్న పాటల్లో ఇప్పుడు తప్పులు తప్ప మరేమీ వినిపించేవి కావు.

"నాకూ విసుగొస్తుండాదిమే. ఆపేద్దామనే అనుకుంటా. ఆపితే గుండెలో ఏదో పట్టేసినట్టుంటుంది" అన్నాడు ఒకరోజు భార్యతో.

"నీకు గుండె పట్టేస్తే, నాకు ఊపిరే పట్టేస్తుండాది" అంది రాఘవమ్మ. గుడ్డ కత్తిరిస్తూ తల ఎత్తకుండానే అంది.

కార్తీకంలో ముసురు పట్టింది. మూడు రోజులు ఎడతెగని వాన. జల్లు కొట్టి వరండా తడిసిపోతుంటే రాఘవమ్మ లోపలికొచ్చి పెట్టెల వెనక మంచం మీద పడుకుంది. మూడోరోజు మధ్యాహ్నం ఆయాసం మొదలైంది. పీల్చే మందు పీల్చినా తగ్గలేదు. భర్తను పిలిచింది. పెట్టెలకు అవతల అతను వీపు తిప్పి కూర్చున్నాడు. గొంతు పెగలక స్టీలు గ్లాసు తీసుకొని నేలమీద కొట్టింది. కొడుతూనే ఉంది.

పాట అయిపోయి హెడ్‌ఫోన్ తీసినప్పుడు అతనికి ఆ చప్పుడు వినిపించింది.

వానలోనే పరుగెత్తి ఆటో తీసుకొచ్చాడు. ఆటో అబ్బాయీ, తనూ కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి లేపారు. కుర్చీ సందులో పట్టలేదు. వెనక్కి తిప్పి చూశారు, పక్కకు వంచి చూశారు. రాఘవమ్మ పెదాలు నల్లబడుతున్నాయి.

"అన్నా, ఇవి తియ్యందే కుదరదు!" అని అరిచాడు ఆటో అబ్బాయి.

పెంచలకృష్ణ కుర్చీ దించి, పెట్టెల వరసను కాలితో తన్నాడు. వరస మీద వరస కూలింది. గదంతా బిళ్ళలు పరుచుకున్నాయి. వాటిని తొక్కుకుంటూ, కాళ్ళకింద పటపటమని విరుగుతుంటే, భార్యను బయటికి మోసుకుపోయాడు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, ముక్కుకు మందు పొగ పట్టారు. సాయంత్రానికి ఊపిరి కుదుటపడింది. కావలి నుంచి వచ్చిన వినీల తండ్రిని కేకలేయలేదు. పక్కన కూర్చొని ఒక్కమాట అడిగింది.

"ఎంతసేపు పిలిచిందంట నాయనా?"

"ఒక పాటంతసేపు" అన్నాడతను.

వారం తర్వాత పాత సామాన్ల బండి మస్తాన్‌ను తనే పిలిచాడు. మస్తాన్ ప్లాస్టిక్ డబ్బాలూ అట్టలూ తీసుకున్నాడు గానీ బిళ్ళలు ముట్టుకోలేదు. "వీటికి గిరాకీ లేదన్నా. తీసుకుపోతే నేనే యాడో ఒకచోట పారెయ్యాల" అన్నాడు. కాలిస్తే ఆ పొగ రాఘవమ్మకు పడదు. కాలవలో పోస్తే ఊరు ఒప్పుకోదు. అన్నింటినీ చెత్తబండి మోయదు.

ఆ మాట జువ్వలదిన్నె వైపు రొయ్యల గుంటలు సాగు చేసే చెంగయ్య చెవిన పడింది. కాకులూ కొంగలూ ఒక గుంటలో జబ్బు రొయ్యను తీసుకొచ్చి ఇంకో గుంటలో పడేస్తే పంటంతా పోతుంది. గుంటల మీద తాళ్ళు కట్టి ఎండకు మెరిసేవేవైనా వేలాడదీస్తే పక్షులు బెదిరిపోతాయి.

"నాకియ్యన్నా. నా పెళ్ళి పాటల సీడీ నువ్వే చేసినావు, మర్చిపోయినావా?" అన్నాడు చెంగయ్య.

పెంచలకృష్ణ నాలుగు రోజులు గుంట గట్టు మీద కూర్చొని ఒక్కో బిళ్ళకు డ్రిల్లుతో అంచున బెజ్జం వేసి నైలాన్ దారం కట్టాడు. విరిగినవి సంచుల్లోకెత్తి చెత్తబండికి ఇచ్చేశాడు. మిగిలినవి నీళ్ళ మీద గిర్రున తిరుగుతుంటే కాకులు దూరంగా మళ్ళిపోయాయి. చెంగయ్య సంతోషం పట్టలేకపోయాడు. తన చేతిరాత ఉన్న బిళ్ళ ఇటు తిరిగినప్పుడల్లా పెంచలకృష్ణ చూపు తిప్పుకున్నాడు.

ఇంట్లో కిటికీ తెరుచుకుంది. రాఘవమ్మ మిషను దాని కిందికి జరుపుకుంది. అతనిక స్థిమితపడతాడనే అందరూ అనుకున్నారు.

కానీ ఇప్పుడు పాటలన్నీ ఆ ఒక్క హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. అది కిందపడితే? తడిస్తే? వినీల ఇంకొకటి కొని నకలు తీసిచ్చింది. రెండూ ఒకేసారి చెడిపోతే అని భయపడ్డాడు. ఒకటి బీరువాలో పెట్టి, రెండోది పాలిథిన్ కవర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకొని తిరగసాగాడు. వాన వస్తే గడప దాటడు. బస్సెక్కడు, జనం తోస్తారని. రోజుకు రెండుసార్లు ల్యాప్‌టాప్‌కు తగిలించి, పాటలున్నాయో లేదో చూస్తాడు. వినడు.

మాఘంలో వినీల ఇద్దరినీ రెండు రోజులు ఉండి పొమ్మని పిలిచింది. రాఘవమ్మ సంచి సర్దింది. అతనూ తెల్లచొక్కా వేసుకొని వీధిలోకి వచ్చాడు. షేర్ ఆటోలో అప్పటికే ఏడుగురున్నారు. అతని చెయ్యి జేబు మీదికి పోయింది.

"నువ్వు పో. నేను రేపొస్తాలే" అన్నాడు.

"రేపు గూడా ఆటోలో జనముంటారయ్యా" అంది రాఘవమ్మ.

ఇదివరకైతే ఆమె సంచి దించేసి తనూ ఆగిపోయేది. ఈసారి ఎక్కి కూర్చుంది.

"అన్నం వండి పెట్టినా. చారు వేడి చేసుకో" అంది.

ఆటో కదిలింది. పెంచలకృష్ణ దాని వెంట రెండడుగులు వేశాడు. బీరువా తాళం వేశానో లేదోనని అనుమానం వచ్చి, వెనక్కి తిరిగి ఇంట్లోకి నడిచాడు.