లైను మాస్టారి చెప్పు

ఎక్కడ లైను కనబడినా వెళ్ళి దాని తోక పట్టుకోవడం మాస్టారికి జబ్బు. అది బస్సు టిక్కెట్ల లైనా, పాలపాకెట్ల లైనా అన్న పట్టింపు ఆయనకు లేదు. తీరా తన వంతు వచ్చాక, "నాకేం వద్దండీ, మీ పని కానివ్వండి" అని హాయిగా మళ్ళీ వెనక్కి పోయి నిలబడేవారు. అందరూ ఆయన్ని లైను మాస్టారనేవారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో!

బడిలో పిల్లలకు చరిత్ర చెప్పీ చెప్పీ రిటైరయ్యారు. రిటైరయిన మర్నాడే ఆయనకు యుద్ధాలతో చెడింది. "ఏ రాజు ఎవర్ని పొడిచాడన్నది చరిత్ర కాదే పిచ్చిపిల్లా! ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మనుషులు కత్తి దూయకుండా ఎలా తేల్చుకున్నారో, అదీ చరిత్ర" అనేవారు మేనకోడలితో. ఇంట్లో స్నానానికి ఎవరు ముందన్న దాని మీద ఆయన ఉపన్యాసం ఎత్తుకుంటే, అది ముగిసేలోపు అత్తయ్య కాచిన వేణ్ణీళ్ళు చన్నీళ్ళయిపోయేవి.

మేనకోడలు పెద్దాసుపత్రి మందుల కౌంటర్లో పనిచేసేది. అద్దానికి చెయ్యి పట్టేంత కంత ఉండేది. అందులోంచి ఆమెకు ఒకసారికి ఒక్క ముఖమే కనబడేది. ఆ ముఖం మామయ్యదైతే ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

"చీటీ ఇవ్వండి" అనేది తలెత్తకుండానే.

"లేదు."

"జబ్బేంటి?"

"అదీ లేదు."

"మళ్ళీ వచ్చావా మామయ్యా! ఇక్కడ నీకేం పని?"

"నీ లైను భలే ముదిరిందే అమ్మాయ్! తలుపులు తియ్యకముందే చెప్పులు పెట్టేస్తున్నారు."

ఆ చెప్పులంటే ఆయనకు ప్రాణం. పెందలాడే వచ్చినవాళ్ళు తమ చోట ఒక చెప్పు వదిలి గోడవార చతికిలబడేవారు. కొందరు గొడుగు పెట్టేవారు, కొందరు సంచీ. ఏదీ లేనివాళ్ళు రాయి పెట్టేవారు. మాస్టారు ఒంగి ఒక్కోదాన్నీ శిలాశాసనంలా చదివేవారు. "రాజులు రాసుకున్న ఒప్పందాలు సిరా ఆరకముందే చిరిగిపోయాయి. ఈ అరిగిన చెప్పు చోటు మాత్రం ఎవడూ కబ్జా చెయ్యడు!" అని దారినపోయే నర్సుల్ని ఆపి మరీ చెప్పేవారు. ఒకరోజు అలా ఒక చెప్పు తిరగేసి చూస్తుంటే, దాని యజమాని "దొంగ, దొంగ!" అని కేకలు పెట్టాడు.

"ఇలా అరవడం మీ ఇంట్లో ఎవరి దగ్గర నేర్చుకున్నారు నాయనా?" అని అడిగారు మాస్టారు, ఆసక్తిగా.

దాంతో ఫిర్యాదు వెళ్ళింది. సూపరింటెండెంటు మేనకోడల్ని పిలిపించాడు.

"చీటీ లేనివాళ్ళకి లైన్లో ఏం పనమ్మా? రేపట్నుంచి మీ మామయ్య వస్తే వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని బయటకి పంపిస్తాడు. ఆ మాటేదో నువ్వే చెప్పుకో."

సగం ఊరికి చదువు చెప్పిన మనిషిని వాచ్‌మన్ ఈడ్చుకుపోవడమా! ఆయనకు ఎలా చెప్పాలో తెలియక ఆమెకు ఏడుపొచ్చింది. కౌంటరు పక్కావిడకు అప్పగించి బయటికొచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె తన లైనును అద్దం ఇవతల నుంచి చూడటం అదే మొదలు. అది వరండా దాటి, మెట్లు దిగి, ఎండలోకి పోయి ఉంది.

మాస్టారు దాదాపు ముందుకొచ్చేశారు. ఆమె పిలవబోయేంతలో, ఆయన కుడికాలి చెప్పు తన చోట వదిలేసి కుంటుకుంటూ వెనక్కి నడిచారు. చివర ఒక ముసలమ్మ కర్ర మీద వాలి, నిలబడలేక నిలబడి ఉంది.

"అమ్మా, నాకో సాయం చేసిపెట్టాలి. లైను ముందు భాగం చదివేశాను, ఇక చివర చదవాలి. అక్కడ నా చెప్పుంది. కాస్త కాపలా ఉండరూ?"

"మళ్ళీ వస్తావా బాబూ?"

"చదువయ్యాక వస్తాను. ఈలోపు వంతొస్తే మీ మందులు మీరు తీసుకోండి. నేనేమీ అనుకోనులెండి."

ముసలమ్మ ముందుకెళ్ళింది. మాస్టారు కాలిన కాలు ఎత్తి పట్టుకుని, కొంగలా చివర నిలబడ్డారు. మేనకోడలికి అప్పుడర్థమైంది. ఈయన ఉత్త చేతులతో కౌంటరు దాకా వచ్చాడంటే, ఆ పూట చోటివ్వడానికి ఎవరూ దొరకలేదన్నమాట. ఆమెకు మామయ్య మీద కొండంత ప్రేమ ముంచుకొచ్చింది.

వెనకే సూపరింటెండెంటు వచ్చాడు. "ఏం మాస్టారూ, చీటీ ఉందా?"

"ఆయనకి లేదు సార్. ఆయన చోటుకుంది, అదిగో!" అని మేనకోడలు ముసలమ్మను చూపించింది.

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, మాస్టారి పాదం చూశాడు. "ఆ రెండో చెప్పేదండీ?"

"డ్యూటీలో ఉంది" అన్నారు మాస్టారు.

సూపరింటెండెంటు నవ్వు ఆపుకోలేకపోయాడు. "సరే, చదువుకోండి. ఎండలో మాత్రం వద్దు" అంటూ వాచ్‌మన్‌ను పిలిచి, లైను చివర నీడకు పరదా కట్టమన్నాడు.

మర్నాడు మాస్టారు వచ్చేసరికి లైనులో అన్నిటికన్నా ముందు ఒక ఆడవాళ్ళ చెప్పు ఉంది. గోడవార దాని మనిషి లేదు. ఒంగి చదివారు, బోధపడలేదు. కౌంటరు తెరవగానే కంత దగ్గర ముఖం పెట్టారు.

"ఈ చెప్పు ఎవరిదే అమ్మాయ్? మనిషేదీ?"

లోపల మేనకోడలు చల్లటి గచ్చు మీద ఒక ఉత్త కాలు ఆనించి మందులు సర్దుతోంది.

"డ్యూటీలో ఉంది మామయ్యా" అంది. "ఆ చోటు ఎవరికిస్తావో ఇచ్చుకో."