సోలకి సోల

మొన్న గుంటూరు నుంచి మా మనవరాలు ఫోన్ చేసి, ఆవకాయ పెడుతున్నానని, సోల అంటే ఎన్ని గ్రాములని అడిగింది. దేని సోల అని ఎదురు అడిగాను. కారమా, ఉప్పా, ఆవపిండా? దేనిదైనా సోల సోలేగా అంది. ఆ మాట వినగానే మా మామగారు కళ్ళముందు మెదిలారు.

నేను మార్టూరు దగ్గర పల్లెకి కాపురానికి వచ్చిన మొదటి వేసవి అది. మామిడికాయల అదనులో మా అత్తగారు వాకిట్లో జారిపడి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. పిండికట్టు వేయించి, ఒంగోల్లో మా ఆడపడుచు ఇంట్లో ఉంచారు. కాయలు ఆగవు కదా, అందుకని ఏడాది ఆవకాయ పెట్టే పని మామగారు తన నెత్తినేసుకున్నారు. ఏటా మిరపకాయలు తూకం వేసి అమ్మే మనిషి, వంటింటి గడప తొక్కి ఎరగరు. కారం, ఆవపిండి, ఉప్పు సమానంగా పడాలని మాత్రం విని ఉన్నారు. పంచెకట్టు బిగించి, చిన్న కాటా తెప్పించి, మూడూ కిలోకి కిలో తూచి నా చేత కలిపించారు.

మూడోనాడు తిరగ కలిపి రుచి చూస్తే నోరు మండిపోయింది, ఉప్పు జాడే లేదు. ఇలాగే ఉంటే నెల తిరక్కుండా బూజు పట్టి, జాడీలకి జాడీలు పారబోసుకోవాలి. కొత్త కోడల్ని, భయపడుతూనే చెప్పాను.

"మామయ్యగారూ, ఉప్పు చాల్లేదండీ."

"నీ కళ్ళముందేగా తూచానమ్మా!" అని చిన్నబుచ్చుకున్నారు గానీ, మర్నాడు పొద్దున్నే ఒంగోలు బస్సెక్కి, సాయంత్రానికి అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ విషయం విని, మెడకి వేలాడదీసుకున్న చెయ్యి కదలకుండా పట్టుకుని మరీ నవ్వారు.

"అయ్యో, కారం తేలికండీ, ఉప్పు బరువు. సోలకి సోల కొలవాలిగానీ కిలోకి కిలో కాదు."

ఆయన నమ్మలేక సోల గిన్నెతో కొలిచి, సోలెడు కారం ఒక పళ్ళెంలో, సోలెడు ఉప్పు ఇంకో పళ్ళెంలో పోసి కాటా ఎత్తారు. ఉప్పు పళ్ళెం దిగిపోయింది. ఇన్నేళ్ళూ నువ్వు పెట్టింది తినడమే తెలుసుగానీ అంటూ జాడీలు ముందుకి లాక్కున్నారు. అత్తగారు పీట మీద కూర్చుని ఇంకాస్త ఉప్పు, ఇంకాస్త అని చెబుతుంటే, మోచేతిదాకా నూనె పూసుకుని ఆయనే కలిపారు. అయినా మంట తప్పలేదు, మజ్జిగలో చెయ్యి ముంచుకున్నారు. తర్వాత వేడన్నంలో కొత్తావకాయ కలిపి, నేనక్కడ ఉన్నానని తెలిసీ, ఆవిడ నోటికి ముద్ద అందించారు. ఆవిడ సిగ్గుతో తల వంచుకుని తిన్నారు, "సరిపోయిందండీ" అన్నారు. నేను నీళ్ళ వంకతో పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆ ఏడాది ఆవకాయ చివరిదాకా చెక్కు చెదరలేదు.

ఆ తరం మగవాళ్ళు నలుగురిలో భార్యని పేరు పెట్టి పిలవడానికే మొహమాటపడేవారు. ఇప్పటి పిల్లలు కలిసి కూరలు తరుగుకుంటారు, ఒకరి కంచంలోంచి ఒకరు తింటారు, అది మంచి మార్పే, నాకు సంతోషమే. అయినా, ఏళ్ళకేళ్ళు గుండెలో దాచుకున్న ఆపేక్ష ఒక్క పూట అలా చేతిలోకి వచ్చినప్పుడు చూసినవాళ్ళు దాన్ని ఎందుకు మర్చిపోలేరో, వీళ్ళకి ఎలా చెప్పను?