గంగాస్నానం చేసిన కార్లూ, మా ఉస్తాద్ పద్యమూ

మా ఉస్తాద్ పోయాడన్న కబురు మిస్డ్ కాల్‌గా వచ్చింది. నేను ఒమన్‌లో, సమాయిల్ అనే ఊళ్ళో షెడ్డులో ఒక పికప్ డోరు సొట్ట తీస్తున్నాను. ఆయన భార్య, నేను భాభీ అని పిలిచే ఆవిడ, ఎప్పుడూ ఒక్క రింగిచ్చి పెట్టేస్తుంది. ఆ రోజు వరసగా మూడుసార్లు ఇచ్చింది. చేతులు తుడుచుకుని, ఫోన్ కార్డు గీకి, కడపకి ఫోన్ చేశాను.

"మీ ఉస్తాదు పోయినాడప్పా," అంది. "తెల్లార్తో నమాజు చేసుకోని చాయ్ పెట్టమన్యాడు. నేను తెచ్చేలోపల పోయినాడు. చక్కెర ఎక్కువేసినావని తిట్టేదానికైనా లేకపాయె."

చాయ్‌లో చక్కెర గురించి ఆయన తిట్లు మస్కట్ ఘాలాలోని గ్యారేజీలో నాలుగేళ్ళు విన్నవాణ్ణి నేను. 

ఇక్కడి గ్యారేజీల్లో ఉస్తాద్ అంటే పెద్ద మేస్త్రి. పాట నేర్పేవాణ్ణీ అదే మాటతో పిలుస్తారు. ఆయన రెండూ. ఇంట్లో దక్కనీ, స్టేజీ మీద తెలుగు పద్యం. పాతికేళ్ళ వయసులోనే కడప జిల్లాలో పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించాడు. ఊరూరా టీవీలొచ్చి నాటకాలు తగ్గాక కార్ల వైరింగ్ పని నేర్చుకుని ఒమన్ చేరాడు. నేను గోదావరి వాణ్ణి, డెంటింగ్, పెయింటింగ్ పని. నా పేరు ఆయనకి గుర్తుండేది కాదో, అక్కర్లేదనుకున్నాడో గానీ, నన్నెప్పుడూ "ఏమప్పా గోదావరీ" అనే పిలిచేవాడు.

రెండువేల ఏడులో తుఫాను వచ్చి మస్కట్ మునిగింది. ఎండాకాలం ఎండిపోయి ఉండే వాగులు ఘాలాలోకి వచ్చి కార్లని కాగితపు పడవల్లా తీసుకుపోయాయి. నీళ్ళు తగ్గాక మా గ్యారేజీ నడిపే సేటు మొహం వెలిగిపోయింది. మునిగిన కార్లని చవగ్గా ట్రెయిలర్ల మీద తెప్పించాడు. వాటిని ఆరబెట్టి, తుడిచి, రంగేసి, చుక్క నీరు తగలని బళ్ళని చెప్పి అమ్మాలి. రంగు నా వంతు. లోపలి వైర్లు ఉస్తాద్ వంతు.

అది మోసమని మా ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన ఆ పనిని ఎంత శ్రద్ధగా చేసేవాడో చెప్పాలి. సీట్లు విప్పి, బురద కడిగి, ఒక్కో వైరునీ గుడ్డతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని స్టార్టర్ చప్పుడు వినేవాడు. "దొంగపనైనా సుతి తప్పకూడదప్పా," అనేవాడు. చచ్చిన ఇంజను మళ్ళీ పలికితే పిల్లాడిలా మురిసిపోయేవాడు. ఆ వెంటనే మొహం ముడుచుకుని, "ఎవని కొంపకు పోతాదో ఇది," అని చాయ్ తాగడానికి వెళ్ళిపోయేవాడు.

ఎందుకు చేస్తున్నారండీ అని ఒకసారి అడిగాను. ఊళ్ళో ఆయన ఇంటికి గోడలు లేచాయి, స్లాబు పడలేదు. "రాగం ఒక పక్కకి లాగుతాది, రాడ్లు ఒక పక్కకి లాగుతాయి," అన్నాడు. పైగా పాస్‌పోర్టు సేటు బీరువాలో ఉంది.

అలా వచ్చిన ఒక తెల్ల కారు డిక్కీలో హార్మోనియం దొరికింది. పెట్టె ఉబ్బిపోయి, తిత్తినిండా బురద. ఎవరిదో తెలీదు. పారెయ్యమన్నాడు సేటు. ఉస్తాద్ దాన్ని షెడ్డు వెనక్కి తీసుకుపోయి, రీడ్లన్నీ విప్పి, బ్రష్షుతో తోమి, కార్ల సీట్లు ఆరబెట్టే ఫ్యాన్ ముందు పెట్టాడు. తిత్తి చిరిగిన చోట సీటు కవరు ముక్క అతికించాడు. పదిహేను రోజుల తర్వాత మొదటిసారి వాయిస్తే కిందింట్లో ముసలాయన గురక పెట్టినట్టు వచ్చింది.

"నీళ్ళు తాగిన వస్తువు దాచితే దాగదప్పా," అన్నాడు నవ్వుతూ. "పెట్టైతే గురక పెడతాది. కారైతే పొగ పెడతాది."

మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన పెట్టె ముందు కూర్చునేవాడు. అలా వాయిస్తుండగానే ఒక రోజు ఇండియన్ స్కూల్లో తెలుగు చెప్పే టీచరమ్మ గారు తన భర్త కారు సొట్ట తీయించడానికి వచ్చారు. గుంటూరు మనిషి. పెట్టె చప్పుడు విని, సొట్ట సంగతి మరిచిపోయి, షెడ్డు వెనక్కి నడిచారు. ఉగాదికి తెలుగువాళ్ళంతా కలిసి నాటకం వేస్తున్నారట. అందరూ కుదిరారు, హార్మోనిస్టు ఒక్కడే దొరకలేదట.

అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం స్నానం చేసి, సెంటు రాసుకుని, జుమ్మా నమాజు చేసుకుని, ఉస్తాద్ మబేలాలో వాళ్ళింటికి రిహార్సలుకి వెళ్ళేవాడు. నేను పికప్ మీద దింపి అక్కడే ఉండిపోయేవాణ్ణి, వాళ్ళ పులిహోర కోసం. టీచరమ్మ గారి భర్తది కృష్ణుడి వేషం. మనిషి మంచివాడే. శ్రుతికీ ఆయనకీ మాత్రం పాత పగ.

"సార్, మీ బ్యాటరీ దిగిపోయినట్టుంది," అన్నాడు ఉస్తాద్ ఎంతో మర్యాదగా. "రోంత చార్జి పెట్టుకుందాం. మళ్ళా మొదట్నించి."

ఆ మూడు గంటలూ ఆయన వేరే మనిషి. శనివారం పొద్దున మళ్ళీ మునిగిన కారు కింద దూరేవాడు.

ఒక రోజు టీచరమ్మ గారు గ్యారేజీకి ఒంటరిగా వచ్చారు. స్కూలుకి వెళ్ళిరావడానికి సొంతంగా కారు కొనుక్కుంటారట. "మీరున్న చోట కొంటే నిశ్చింత కదండీ," అన్నారు ఉస్తాద్‌తో. సేటు ఆవిణ్ణి నేరుగా తెల్ల కారు దగ్గరికి తీసుకువెళ్ళాడు. హార్మోనియం దొరికిన కారే. అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపు నాదే.

"ఎలా ఉందండీ బండి?" అని ఆవిడ అడిగారు. సేటు పక్కనే ఉన్నాడు, చిరునవ్వుతో, చేతిలో తాళం చెవితో.  ఉస్తాద్ నా వైపు చూశాడు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

"అమ్మా, రోంత నిలబడండి," అన్నాడు చివరికి. "కొత్త బండి కదా. ఒక పద్యం పాడతా." లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చి, కారు బానెట్ మీద పెట్టి, కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

"వలదు వలదు తల్లి వాహనమిది నీకు
నీట మునిగి తేలి నిన్న వచ్చె
పైన రంగు చూసి పడిపోకుమోయమ్మ
లోన తుప్పు పట్టి లొసుగులుండె"

'వలదు' దగ్గర తీసిన రాగం అయిదు నిమిషాలకి తక్కువ కాదు. పక్క షెడ్డుల వాళ్ళు పనులాపి వచ్చారు. తెలుగు ఒక్క ముక్క రాని సేటు తల ఊపుతూ "వాహ్, వాహ్" అంటున్నాడు. టీచరమ్మ గారి మొహం రాగానికి వికసించింది, రెండో పాదానికి వాడింది, నాలుగో పాదానికి ఆవిడ నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మా వారిని అడిగి చెబుతానండీ," అని, ఉస్తాద్‌కి రెండు చేతులా దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

"క్యా గానా హై! ఏం చెప్పాడు అందులో?" అని సేటు నన్ను హిందీలో అడిగాడు.

నా నోటికి ఏదొస్తే అది చెప్పాను. "బండిని పొగిడాడు సేట్‌జీ. గంగాస్నానం చేసి వచ్చినంత పవిత్రంగా ఉందన్నాడు."

ఆ అబద్ధం ఎంత పని చేసిందో చూడండి. సేటు దాన్ని శుభసూచకం అనుకున్నాడు. అప్పట్నుంచీ ఎవరు కారు చూడ్డానికి వచ్చినా, "ఉస్తాద్, వో గంగాస్నాన్‌వాలా గానా!" అని కేక వేసేవాడు. వచ్చేవాళ్ళెవరికీ తెలుగు రాదు. ఉస్తాద్ గొంతెత్తి వద్దు వద్దంటుంటే, వాళ్ళు పరవశించి కొనుక్కుపోయేవాళ్ళు. మొదట్లో మేమిద్దరం రూమ్‌లో పడీ పడీ నవ్వుకున్నాం. తర్వాత్తర్వాత ఆయన నవ్వడం తగ్గించాడు.

తెల్ల కారుని ఒక బెంగాలీ టైలర్ కొన్నాడు. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, కుడి చెయ్యి కట్టుతో. పెళ్ళాం పిల్లలతో సమాయిల్ వైపు వెళ్తుంటే స్టీరింగు కింద పొగ లేచిందట. పిల్లల్ని దించేశాక, వైరు లాగబోతే చెయ్యి కాలింది. సేటు మీద అరుస్తాడనుకున్నాం. అతను సేటు గదివైపు వెళ్ళనే లేదు. ఉస్తాద్ దగ్గరికి వచ్చి, ఆ కట్టు చెయ్యి గుండెకి ఆనించి, "గానా బహుత్ అచ్ఛా థా, ఉస్తాద్," అన్నాడు. "గాడీ ఠీక్ నహీ నికలీ."

పాట చాలా బాగుందట, బండే బాగా లేదట. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు. అందుకే ఉస్తాద్ ఆ రోజు అన్నం ముట్టలేదు. "టైలర్ కుడిచెయ్యప్పా," అన్నాడు నాతో. "నేను వద్దని పాడినానే గానీ వాడికి చెప్పినానా? అర్థం కాని బాసలో చెప్పడం, చెప్పకపోవడం, రెండూ ఒకటే."

తప్పు నాది కూడా అన్నాను. "నీదీ ఉంది లే," అన్నాడు, ఏ మాత్రం మొహమాటపడకుండా.

ఆ మరుసటి వారం మబేలాలో కిరాణా కొట్టు నడిపే గుజరాతీ పెద్దాయన ఒక బూడిదరంగు కారు చూడ్డానికి వచ్చాడు. సేటు కేక వేశాడు. ఉస్తాద్ పెట్టె తెచ్చాడు. బానెట్ మీద పెట్టాడు. రాగం అదే, ఎత్తుగడ అదే. మాటలు మాత్రం హిందీలో వచ్చాయి. "మత్ లేనా, భాయ్, మత్ లేనా... పానీ మే డూబీ గాడీ హై..." కొనొద్దు, నీళ్ళలో మునిగిన బండి ఇది అని.

చప్పట్లకని సేటు ఎత్తిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఉస్తాద్ ఆపలేదు. ఏ వైరు తుప్పు పట్టిందో, ఏ సీటు కింద బురద ఉందో, తాను ఎక్కడ టేపు చుట్టాడో, పార్టు పేర్లతో సహా పాడాడు. నా రంగు సంగతి కూడా వదల్లేదు. గుజరాతీ పెద్దాయన చివరిదాకా విని, తాళం చెవి సేటు చేతిలో పెట్టి, "ఈయన్ని పోగొట్టుకోకు," అని హిందీలో చెప్పి వెళ్ళిపోయాడు.

సేటు వారం తిరక్కుండా వీసా కేన్సిల్ చేయించి, పాస్‌పోర్టూ టికెట్టూ చేతిలో పెట్టాడు. "గొంతు బాగుంది ఉస్తాద్. నోరే బాలేదు," అన్నాడట. ఎయిర్‌పోర్టులో సామాను బరువెక్కువైతే ఉస్తాద్ బట్టలన్నీ నాకు వదిలేసి, హార్మోనియం పట్టుకుని విమానం ఎక్కాడు. నేనూ ఆ నెలే పని మానేసి సమాయిల్ వచ్చేశాను. ఇక్కడ సొట్ట ఉంటే సొట్ట ఉందనే చెబుతాం.

నిరుడు సెలవులో కడప వెళ్ళాను. ఇంటికి స్లాబు ఇంకా పడలేదు, రేకులు వేశారు. ఆయన మళ్ళీ నాటకాలకి వెళ్తున్నాడు. ఊరి పక్క పల్లెలో వాయిస్తున్నాడని భాభీ ఫోన్‌లో చెబితే, తెల్లవారుజామున బస్సు దిగి నేరుగా అక్కడికే నడిచాను. నాటకం అయిపోవచ్చింది. తూర్పున వెలుగు వస్తోంది. జనమంతా చాపల మీద, దుప్పట్లు ముసుగేసుకుని నిద్రపోతున్నారు. స్టేజీ మీద దుర్యోధనుడు కూడా గద మీద చెయ్యేసి కునుకు తీస్తున్నాడు. ఇక మిగిలింది మంగళం. ఉస్తాద్ నన్ను చూశాడు. నేను పలకరించబోతే, పెదవుల మీద వేలు పెట్టి, పడుకున్న జనం వైపు చూపించాడు. తర్వాత తిత్తిని రెండు వేళ్ళతో, ఊపిరి తీసినంత మెల్లగా కదుపుతూ, ఏ ఒక్కరికీ మెలకువ రాకుండా మంగళం వాయించాడు.