కేస్ పేపర్ మీద నేను రాయించిన మాట

మా వదిన చేతులు పాడైంది సిమెంటు వల్ల. అవి మళ్లీ బాగుపడకుండా పోయింది నా వల్ల. ఈ రెండో సంగతి మా ఇంట్లో ఇద్దరికే తెలుసు.

మాది పాలమూరు జిల్లా. అమ్మా నాయినా పోయాక అన్న నన్ను బొంబాయి తీసుకొచ్చాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. కామాటిపురలో ఫోరస్ రోడ్డుకు దగ్గరగా వరస గదుల పాత చాల్ ఒకటి, రెండో అంతస్తులో వరండా చివరి గది మాది. చాల్ నిండా మనవాళ్లే. కామాటి అంటే కూలి మనిషి. ఈ ఊరి మేడలు కట్టడానికి వచ్చిన మనవాళ్ల వల్లే ఆ పేటకు ఆ పేరొచ్చింది. కానీ ఆ పేరు చెప్పగానే ఊరందరికీ గుర్తొచ్చేది వేరే. మాకు నాలుగు సందుల అవతల, పొద్దుగూకితే తలుపుల ముందు నిలబడే ఆడవాళ్లు గుర్తొచ్చేవారు. అందుకే బడిలో ఇల్లెక్కడని అడిగితే "గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర" అనేదాన్ని. అది అబద్ధం కాదు గదా అనుకునేదాన్ని.

వదిన పెళ్లయి వచ్చేనాటికి నాకు పదకొండేళ్లు. ఐదో తరగతితో నన్ను మాన్పించి పనికి తీసుకుపోదామని అన్న అంటే ఆమె ఒప్పుకోలేదు. "సదువుకోనియ్యి. నాకు బస్సు మీది నంబరు గూడ సదవరాదు. ఇంట్ల ఒక్కరికన్న రావాలె" అంది. నేను మునిసిపాలిటీ మరాఠీ బడిలో చదువుకున్నాను. వాళ్లిద్దరూ పొద్దున్నే కూలీలు నిలబడే నాకాకు పోయి, మేస్త్రీ పిలిచిన చోటికల్లా వెళ్లేవారు.

వదిన పని మాలు కలపడం. ఇసక, సిమెంటు, నీళ్లు పారతో తిప్పి, చేతులతో ఎత్తి తట్టల్లో నింపేది. పార అందని చోట కాళ్లతో తొక్కేది. సాయంత్రం వరండా నల్లా దగ్గర కూర్చుని, అంటుకున్న సిమెంటు వదలడానికి ఇసక, బట్టల సబ్బు కలిపి చేతులు రుద్దుకునేది. అది శుభ్రం అనుకునేవాళ్లం. నేనే పక్కన నిలబడి నీళ్లు పోసేదాన్ని.

నాకు పదిహేనో ఏడు నడుస్తుండగా ఆమె వేళ్ల సందుల్లో ఎర్రగా పొక్కింది. తర్వాత దురద, పగుళ్లు, పగుళ్లలోంచి నీరు. కొబ్బరినూనె రాసింది, పసుపు రాసింది. తగ్గలేదు. పక్క గది ముసలామె ఒకనాడు తన బిందె కాస్త అవతలికి జరుపుకుని, "ఎందుకైన మంచిది, దవాఖానల సూపెట్టుకో బిడ్డా. పెద్దరోగం గిట్ల అయితే ఎట్ల?" అంది. ఆమె అన్నది కుష్ఠు గురించి. ఆ రాత్రి వదిన అన్నం నాకు వడ్డించకుండా గిన్నె నా వైపు తోసింది. మర్నాడు నేను బడి మానేసి ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. మాట్లాడేదాన్ని నేనే. ఆమెకు అప్పటికి నాకా హిందీ నాలుగు ముక్కలే వచ్చునని నా నమ్మకం.

చర్మరోగాల గదిలో డాక్టరు బల్ల ఒకటే. దాని చుట్టూ జనం. ఒకరి రోగం ఒకరికి వినపడేలా నిలబడాలి. మా వెనక ఇద్దరు మగవాళ్లు, వాళ్ల వెనక తన నానమ్మను పట్టుకుని నా తరగతి పిల్ల. నన్ను చూసి నవ్వింది. మా అన్న మేస్త్రీ అనీ, వదిన గడప దాటదనీ ఆ పిల్లకు ఎన్నడో చెప్పి ఉన్నాను.

డాక్టరు కుర్రవాడు. కేస్ పేపర్ మీద చిరునామా చూసి తలెత్తాడు. వదిన ముఖం చూశాడు, చేతులు చూశాడు. "కామాటిపురా?" అని గట్టిగా చదివి, "క్యా ధందా కర్తీ హై?" అని అడిగాడు.

ధందా అంటే ఏ పనైనా కావచ్చు. మా పేట పేరు పక్కన పడితే మాత్రం దానికి ఒకటే అర్థం. వెనక మగవాళ్లలో ఒకడు గొంతులో నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి. "సిమెంటు కలుపుతుంది" అనడానికి ఎంతసేపు? రెండు మాటలు. ఆ రెండు మాటలు వెనకున్న పిల్ల వింటుంది.

"ఘర్ మే రహతీ హై. కుఛ్ కామ్ నహీ కర్తీ" అన్నాను. ఇంట్లోనే ఉంటుంది, ఏ పనీ చేయదు.

అతను కాగితం మీద ఇంగ్లీషులో ఒక మాట రాశాడు. నేను తలకిందులుగానే చదివాను, హౌస్‌వైఫ్ అని. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ సంగతి కూడా చెప్పాలి.

రక్తపరీక్ష రాశాడు. అది మా పేట పేరు చూసి రాసిందేనని నాకు తెలుసు, వదినకు చెప్పలేదు. తెల్ల మలాము రాసి, అంట్లు తోమే సబ్బు, బట్టల సబ్బు వల్ల ఇలా అవుతుందనీ, కొన్నాళ్లు నీళ్ల పని మానాలనీ అన్నాడు.

బయటికి వచ్చాక వదిన అడిగింది. "ఏమన్నడే?"

"సబ్బు ముట్టుకోవద్దన్నడు వదినె."

"అంతేనా?"

"అంతే."

అప్పటినుంచి అంట్లు నేను తోమాను, బట్టలు నేను ఉతికాను. చాల్‌లో ఆడవాళ్లు, వదిన మీద ఎంత ప్రేమో పిల్లకు అని మెచ్చుకున్నారు. వదిన రోజూ మాలు కలపడానికి వెళ్తూనే ఉంది. రక్తపరీక్షలో ఏమీ లేదు. మలాము రాస్తే నాలుగు రోజులు ఎరుపు తగ్గేది, మళ్లీ లేచేది. ఆసుపత్రికి ఐదారుసార్లు వెళ్లాం. ప్రతిసారీ డాక్టరు వేరు, కాగితం అదే. పైన రాసి ఉన్నది చూసి, "ఇంటి పనేగా, సబ్బు మానెయ్" అని అదే మలాము రాసేవాళ్లు. ఎవరూ మళ్లీ అడగలేదు. నేను మళ్లీ చెప్పలేదు.

సిమెంటు వల్లే అని నాకు అప్పుడు తెలుసా? మొదట తెలియదు. కానీ పెద్ద వానలకు పని ఆగి రెండు వారాలు ఇంట్లో కూర్చున్నప్పుడు ఆమె చేతులు ఎండి, పొట్టు రాలి, కిందనుంచి కొత్త చర్మం రావడం చూశాను. పనిలోకి వెళ్లిన మూడో రోజుకి మళ్లీ పగిలాయి. అది చూసి కూడా ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తే, మొదట ఎందుకు చెప్పలేదని డాక్టరు అందరి ముందూ తిడతాడని భయం. రోజులు గడిచినకొద్దీ ఆ మాట చెప్పడం ఇంకా కష్టమైంది.

ఆ మధ్యలో ధారావిలో తోలు పని చేసే అన్న స్నేహితుడొకడు వదినకు మంచి తోలు చెప్పుల జత తెచ్చి ఇచ్చాడు. ఆమెకు అంతకుముందు తోలు చెప్పులు లేవు. వారం తిరక్కుండా పట్టీలు తగిలిన చోటల్లా పాదాల మీద గీత గీసినట్టు నీటిపొక్కులు వచ్చాయి. "నాకు రాసిపెట్టి లేదు తియ్యి" అని వాటిని గూట్లో పెట్టేసింది.

రెండో వానాకాలం వచ్చేసరికి కుడిచెయ్యి మోచేతిదాకా వాచింది. జ్వరం. ఈసారి గదిలో నడివయసు డాక్టరమ్మ ఉంది. కాగితం చదవకుండా ముందు చెయ్యి పట్టుకుంది. మా చాల్‌లో ఎవరూ ముట్టుకోని చెయ్యి అది. గోళ్ల మూలల్లో బూడిదరంగు పెచ్చు చూసింది, వంగి కాలివేళ్ల సందులు చూసింది. అప్పుడు నన్ను కాదు, వదిననే అడిగింది, "సిమెంట్ కా కామ్?" అని.

"హా బాయీ. మాల్ మిలాతీ హూఁ. పాంచ్ సాల్ సే" అంది వదిన. ఐదేళ్లుగా మాలు కలుపుతున్నానని. మంచి హిందీలో, ఒక్క తడబాటు లేకుండా.

డాక్టరమ్మ కాగితం చూసి కనుబొమలు ముడిచింది. ఇది హౌస్‌వైఫ్ అని ఎవరు రాయించారని అడిగింది.

"మైనేచ్ బోలీ" అంది వదిన. నేనే చెప్పానని.

డాక్టరమ్మ కోప్పడలేదు. మాకు అర్థమయ్యేలా చెప్పాలని కాగితం వెనక బొమ్మ గీసింది. చర్మం పైపొర ఇటుకల గోడ లాంటిదట. కంటికి కనపడనంత చిన్న ఇటుకలు, వాటి మధ్య మాలులాగా ఒకరకం కొవ్వు. తడి సిమెంటులో సున్నం లాంటి క్షారం ఉండి ఆ కొవ్వును తినేస్తుంది. ఇసకతో, సబ్బుతో రుద్దితే మిగిలిందీ పోతుంది. అప్పుడు లోపలి తేమ బయటికి పోతుంది, బయటివి లోపలికి వస్తాయి. సిమెంటులో ఉండే ఒక లోహపు ఉప్పు ఆ సందుల్లోంచి దిగుతుంది. ఒంటికి అది శత్రువు. దాన్ని ఒకసారి గుర్తుపట్టడం నేర్చుకుంటే ఒళ్లు ఇక మరిచిపోదు. ఆ పైన చిటికెడు తగిలినా మంట లేపుతుంది. తోలు పదును చేయడానికి కూడా ఆ ఉప్పే వాడతారట. చెప్పుల సంగతి విని తల ఊపింది.

"మొదట్లోనే పని మానేసి ఉంటే?" అని అడిగాను.

"అప్పుడు గోడ ఒక్కటే దెబ్బతిని ఉండొచ్చు. మళ్లీ పూడేదేమో. ఇప్పుడు ఒళ్లు నేర్చేసుకుంది" అంది మరాఠీలో. ఏమో అనే అంది. నేను ఇన్నేళ్లూ ఆ "ఏమో"ను పట్టుకునే బతికాను.

ఇంటికి నడిచి వచ్చాం. ఫోరస్ రోడ్డు మలుపు దగ్గర నేనే అడిగాను.

"వదినె, ఆ దినం ఆయన అడిగింది నీకు సమజైందా?"

"ఎందుకు గాదు? ఆళ్లు నవ్వింది గూడ సమజైంది."

"మరి నువ్వెందుకు చెప్పలె?"

"నువ్వు చిన్నపిల్లవు. నీ ముఖం ఎర్రగైంది. నీ దోస్తు గూడ ఉండె ఆడ. నేను నోరు తెరిస్తే నీ ఇజ్జత్ పోతదనుకున్న." కొంత దూరం నడిచింది. కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుంది. "ఎనుక ఎప్పుడన్న నువ్వే చెప్తవనుకున్న, పిల్లా. నువ్వే సదువుకున్నదానివి గదా."

అంతకు మించి ఆమె ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

వదిన మాలు పని మానింది. ఇటుకలు మోద్దామంటే గరుకు తగిలి చర్మం చీలేది. పని స్థలంలో కూలీల పిల్లల్ని చూసుకునే పని దొరికితే, తల్లులు ఆ చేతులు చూసి పిల్లల్ని ఇవ్వలేదు. చివరికి ఒక కట్టడం దగ్గర ఇనుము, ఇసక పోకుండా కాపలా కూర్చునే పనికి కుదిరింది. రొట్టె కొట్టడం నా పనైంది. జొన్నపిండి ఆమె చేతులకు మండేది. నేను చేస్తే రొట్టెలు అంచులు విరిగేవి. అన్న ఆ విరిగిన రొట్టె చేతిలో పట్టుకుని, "సర్కారు డాక్టర్లకు ఏం తెల్వదు. ఏడాది పొడుగు ఒక్కడన్న సిమెంటని పట్టిండా?" అని తిట్టేవాడు. ఆయన బతికున్నన్నాళ్లూ తిట్టాడు. వదిన నా వైపు చూసేది కాదు. నేను పెనం మీద రొట్టె తిప్పేదాన్ని.

వదిన కాపలా పనిలో కుదిరిన కొన్నేళ్లకు నా పెళ్లి అదే చాల్ వరండాలో జరిగింది. నలుగు పెట్టే నాడు ముత్తైదువలు వరసగా వచ్చి నాకు పసుపు రాశారు. తల్లి లేని పిల్లకు మొదట రాయాల్సింది వదినే. ఆమె కొత్త చీర కట్టుకుని, కొంగులో చేతులు చుట్టుకుని గది గుమ్మం దగ్గర నిలబడింది. పక్క గది ముసలామె ఇంకొకామె చెవిలో ఏదో అంది. ఇద్దరూ వదిన వైపు చూశారు. నేను పీట మీద కూర్చుని ఉన్నాను. "రా వదినె" అంటే చాలు. ఆమె వచ్చేది.

పసుపు తగిలితే ఆమె పగుళ్లు మండుతాయి గదా అని నాకు నేను చెప్పుకున్నాను. తల దించుకుని కూర్చున్నాను. తర్వాతి మనిషి వచ్చి నా చెంపలకు పసుపు రాసింది.